ఎర్రదారం కుట్టిన కోట్లు

చెరువు ఒడ్డున టికెట్ గది గోడకి నాలుగు నారింజ రంగు కోట్లు వేలాడుతున్నాయి. నీలమ్మ అందులో ఒకదాన్ని మేకు మీంచి తీసి, తిరగేసి, చంక దగ్గరి కుట్టుని వేలితో తడిమి నిలబడిపోయింది. పోయిన వారం ఆమెని మనం అక్కడే వదిలి వచ్చాం.

అప్పటిదాకా నడిచిన కథ కాస్త గుర్తు చేసుకుందాం. పైన గుట్ట మీద జూబ్లీ హిల్స్ బంగళాలు, అవతలి గట్టున కొత్తగా లేచిన అద్దాల ఆఫీసులు, మధ్యలో రాతిగుండ్ల నడుమ చెరువు. అందులో పడవలు కిరాయికి తిప్పేది బసవపున్నయ్య. సినిమా కంపెనీల్లో ముప్పై ఏళ్ళు ప్రొడక్షన్ మేనేజరుగా చేశాడు. సాఫ్ట్‌వేర్ పిల్లలు ఆదివారం పూట ఎటు పోతారో అందరికంటే ముందు కనిపెట్టాడు. ఆ పడవల్ని చూసుకునేది నర్సింహ. హీరో వంతెన మీంచి దూకితే నీళ్ళలో పడేది నర్సింహే. ఇరవై రెండేళ్ళు అలా పడీ పడీ, ఒకనాడు నీళ్ళ కింద రాయి తగిలి మోకాలు పోగొట్టుకుని, ఈ ఒడ్డుకి చేరాడు.

ఇక బసవపున్నయ్య కొడుకు చంటి. హీరో కావాలని మీసం దువ్వుకుంటూ తిరిగే కుర్రాడు. ఎర్రటి స్పీడ్ బోటు ఒకటి తెప్పించుకుని, జనం కూర్చున్న పడవల చుట్టూ గిరగిరా తిప్పి అలలు లేపడం అతని ఆట. రెండు వారాల కింద ఆ అలలకి ఒక పడవ ఒరిగి, తల్లి ఒళ్ళోంచి పసిపిల్ల జారబోయింది. నర్సింహ ఆ రోజే తాళాల గుత్తి తీసి బసవపున్నయ్య ముందు పెట్టాడు. తేలే కోటు తొడుక్కోకుండా ఒక్క మనిషి నీళ్ళ మీదికి పోయినా తాను మళ్ళీ ఈ ఒడ్డు తొక్కనన్నాడు. ఎన్నడూ నోరెత్తని మనిషి అలా అనేసరికి బసవపున్నయ్య కాదనలేకపోయాడు. తెల్లారేసరికి పన్నెండు కోట్లు వచ్చాయి. లైఫ్ జాకెట్ అని వాటి అసలు పేరు. జాకెట్ అంటే ఆడవాళ్ళు మూతికి కొంగు అడ్డం పెట్టుకుంటారని నర్సింహ కోటు అనే అంటాడు.

ఈ ఆదివారం నర్సింహ కూతురు హిమజ తన ఆఫీసు వాళ్ళని ఏడుగురిని వెంటబెట్టుకుని వచ్చింది. అవతలి గట్టు మీది అద్దాల మేడలో ఆరు నెలల కింద కొలువులో చేరిన పిల్ల. "ఇది మా నాయిన చెరువు" అని అందరికీ చెప్పి మరీ తీసుకొచ్చింది. నర్సింహకి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఎనిమిది మందికీ తన చేత్తోనే కోట్లు తొడిగాడు. బకిళ్ళు బిగించాడు. ఒక్కొక్కరి వీపు మీద తట్టి, "ఇగ మీకేం ఫికర్ లేదు" అన్నాడు. రెండు హంస బోట్లలో నలుగురేసి ఎక్కారు. తొక్కుకుంటూ నడి చెరువుకి పోయారు.

అదిగో, ఆ తరవాత నీలమ్మ తన మొగుడు నర్సింహకి టిఫిన్ పట్టుకుని వచ్చింది. గోడ మీది కోటు చూసింది.

"ఇవి యాడికెల్లి వచ్చినయి?" అంది.

పున్నయ్య సారు తెచ్చాడని నర్సింహ అన్నాడు. నీలమ్మ కోటుని అతని మొహం దగ్గరికి తెచ్చి చంక దగ్గర చూపించింది. నారింజ రంగు గుడ్డ మీద సన్నగా ఎర్రదారం కుట్టు.

"ఇది నా కుట్టయ్యా."

నర్సింహకి అర్థం కాలేదు. నీలమ్మ కృష్ణానగర్లో సినిమా బట్టలు కుట్టే దర్జీ దుకాణంలో పని చేస్తుంది. కుట్టు తనదైతే ఏమైంది అనుకున్నాడు. ఆమె గొంతు తగ్గించి చెప్పుకొచ్చింది. రెండేళ్ళ కింద ఎండాకాలంలో ఒక పడవ పాట కోసం పన్నెండు కోట్లు కావాలన్నారట. నిజం కోట్లు తెస్తే, అవి వేసుకున్న హీరో వడ్ల బస్తాలా ఉన్నాడని డైరెక్టరు విసిరికొట్టాడట. సన్నగా, ఒంటికి అతుక్కున్నట్టు కుట్టమన్నారట. ఒక్క రాత్రిలో కుట్టారు. లోపలికి ఏం కూరాలో తెలియక, పరుపుల దుకాణంలో మిగిలిన స్పాంజి ముక్కలు తెచ్చి కూరారు. చంకల దగ్గరికి వచ్చేసరికి నారింజ దారం కండె అయిపోయింది. ఎర్రదారంతో కానియ్యి, కెమెరాకి ఏం కనబడుతుంది అన్నాడట దర్జీ.

"స్పాంజి తేలదా?" అన్నాడు నర్సింహ. ఆ ప్రశ్నకి జవాబు అతనికి తెలుసు. అడగక ఉండలేక అడిగాడు.

"గిన్నెలు తోమేటప్పుడు సూస్తలేనా. తాగినన్ని నీళ్ళు తాగి అడుగుకు పోతది."

నర్సింహ చెరువు వైపు తిరిగాడు. నాలుగు గంటల ఎండ నీళ్ళ మీద పళ్ళెంలా మెరుస్తోంది. నడిమధ్య రెండు హంసలు. ఒకదాని మెడకీ ఇంకోదాని మెడకీ ఎవరిదో చున్నీ ముడేసి రెంటినీ కట్టేశారు. ఒకడు ఒక కాలు ఈ పడవలో, ఒక కాలు ఆ పడవలో పెట్టి నిలబడి పాటందుకుంటున్నాడు. మిగిలినవాళ్ళు తాళం వేస్తున్నారు. చుట్టూ చంటి ఎర్ర బోటు బొంగరంలా తిరుగుతోంది. అది తిరిగినప్పుడల్లా హంసలు ఇటూ అటూ ఊగుతున్నాయి. ఊగినప్పుడల్లా పిల్లలు ఇంకా, ఇంకా అని చేతులు ఊపుతున్నారు.

మామూలు రోజున అయితే ఎవరూ అలా నిలబడరు. నీళ్ళంటే మనిషికి లోపల ఒక బెదురు ఉంటుంది. ఆ బెదురే మనిషిని కూర్చోబెడుతుంది. ఇవాళ వాళ్ళ బెదురు తీసేసింది తానే. ఫికర్ లేదని వీపు తట్టి పంపింది తానే. నర్సింహకి అరచేతిలో ఆ ఎనిమిది వీపులూ ఇంకా తగులుతున్నట్టే ఉంది. అందులో ఒకటి కన్నకూతురిది. ఆ పిల్లకి ఈత రాదు. నేర్పుతానని ఎన్నోసార్లు అన్నాడు. మోకాలు పోయిన మనిషిని కళ్ళెదుట పెట్టుకుని నీలమ్మ ఒప్పుకోలేదు. మా ఇంట్లో నీళ్ళకి ఒక్కణ్ణి ఇచ్చింది చాలనేది.

"కేకెయ్యనా?" అంది నీలమ్మ.

"నోరు తెరువకు. కోట్లు ఉత్తయని తెలిస్తే అందరు ఒక్కసారి లేస్తరు. లేస్తే బోర్ల పడ్తది."

కోటు చేత పట్టుకుని, కుంటుకుంటూ, గొడుగు కింద కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్న బసవపున్నయ్య దగ్గరికి వెళ్ళాడు. నీలమ్మ వెనకే నడిచింది.

"సార్, ఈ కోట్లు యాడ కొన్నరు?"

బసవపున్నయ్య పేపరు దించలేదు. "కొనడమేంటయ్యా. కృష్ణానగర్లో ప్రాపర్టీ షాపు ఉండగా కోట్లు ఎవడైనా కొంటాడా?"

సినిమావాళ్ళ తీరే అంత. రాజుగారి సింహాసనం కావాలన్నా, పోలీసు టోపీ కావాలన్నా, ఆసుపత్రి మంచం కావాలన్నా, పాడె కావాలన్నా ఫోన్ కొడితే చాలు, ప్రాపర్టీ షాపు నుంచి ఆటోలో వచ్చేస్తుంది. పని అయ్యాక తిరిగి వెళ్ళిపోతుంది. ఆ షాపులోని తుపాకీ పేలదు. గడియారం నడవదు. డాక్టరు మెళ్ళో వేసుకునే గొట్టంలో గుండె చప్పుడు వినబడదు. అయినా అన్నీ అసలు వాటికంటే నిగనిగలాడుతుంటాయి. ముప్పై ఏళ్ళు వాటితోనే బతికిన బసవపున్నయ్యకి, కోట్లు కావాలనగానే చెయ్యి అలవాటుగా ఆ నంబరే నొక్కింది. మోసం చేద్దామని కాదు. బయట ఇంకో రకం కొట్లుంటాయన్న సంగతే అతనికి తట్టలేదు.

నీలమ్మ తన కుట్టు సంగతి చెప్పింది. బసవపున్నయ్య పేపరు మడిచి, కళ్ళజోడు పైకి నెట్టి, ఆమెని ఎగాదిగా చూశాడు. అక్కడ ఎనిమిది మంది సరదా పడుతుంటే ఇక్కడ అపశకునం మాటలెందుకన్నాడు. మొన్న కోట్లు లేవని గొడవ, ఇవాళ కోట్లు ఉన్నాయని గొడవ, నీకు నా బేరం మీద కన్ను పడిందా అని నర్సింహని అడిగాడు.

నర్సింహ చేతిలోని కోటుని మెట్ల దగ్గర నీళ్ళలోకి విసిరాడు.

కోటు బాతులా తేలింది. చిన్న అలకి అటూ ఇటూ ఊగుతూ, బుద్ధిమంతురాలిలా నీళ్ళ మీద కూర్చుంది. బసవపున్నయ్య మీసం కింద నవ్వాడు.

"తేలుతోంది కదయ్యా."

"జర ఆగుండ్రి సార్" అంది నీలమ్మ.

నర్సింహ మనసులో అంకెలు లెక్కపెడుతున్నాడు. అది అతని వృత్తి నేర్పిన అలవాటు. నీళ్ళలోకి దూకాక నలభై లెక్కపెట్టే దాకా పైకి తేలొద్దని డైరెక్టరు అంటే నలభై, అరవై అంటే అరవై. గడియారం లేకపోయినా అతని లెక్క ఒక్క అంకె తప్పదని సెట్టులో అందరికీ తెలుసు. ముప్పై దాకా కోటు బాగానే ఉంది. యాభై దగ్గర రంగు ముదిరింది. అరవై రెండు దగ్గర ఒక భుజం వంగింది. బసవపున్నయ్య నవ్వు మీసంలోనే ఆగిపోయింది. ఎనభై దగ్గర మెడ భాగం మునిగి, లోపల్నించి బుడగలు వచ్చాయి. తొంభై నాలుగుకి నీళ్ళ మీద ఏమీ లేదు.

ఖాళీ కోటుకి తొంభై నాలుగు. లోపల మనిషి ఉంటే అందులో సగం కూడా ఉండదు. పైగా నానిన కోటు మనిషిని కిందికి లాగుతుంది.

బసవపున్నయ్య కుర్చీలోంచి లేచాడు. లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. జేబులోంచి సెల్ తీశాడు. కొడుకు నంబరు నొక్కాడు. మోగుతోంది. ఎత్తడం లేదు. ఆ ఇంజను రొదలో వినబడితే కదా. హిమజకి చేయమన్నాడు. నర్సింహ వేలు టికెట్ గది వైపు చూపించింది. నీళ్ళలో పడతాయని, పడవ ఎక్కేముందు సెల్లులన్నీ ఒడ్డున సంచిలో పెట్టించే పద్ధతి నర్సింహదే. ఆ సంచిలో ఎనిమిది సెల్లులు భద్రంగా ఉన్నాయి. ఒకటి మోగుతోంది కూడా. ఎవరింటి నుంచో.

బసవపున్నయ్య నర్సింహ చెయ్యి పట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో అతను నర్సింహని తాకడం అదే మొదలు.

"మావాడికీ ఈత రాదు, నర్సింహా."

నర్సింహ తేరిపార చూశాడు. గుర్రం నేర్పించారు, కర్రసాము నేర్పించారు, వైజాగ్ పంపించి నటన నేర్పించారు. ఈత నేర్పించలేదా?

"ఈతకి డూప్ ఉంటాడుగా అనుకున్నాం" అన్నాడు బసవపున్నయ్య. అని తల దించుకున్నాడు.

ఆ మాటకి నవ్వాలో ఏడవాలో తెలిసేంత తీరిక అప్పుడు నర్సింహకి లేదు. టికెట్ గది వెనక్కి పరిగెత్తాడు. పరుగంటే కుంటి పరుగే. అక్కడ గోనెపట్టా కింద రెండు లారీ ట్యూబులు దాచి ఉన్నాయి. నల్లగా, పంచరు మచ్చలతో. చూడ్డానికి అసహ్యంగా ఉన్నాయి, కస్టమర్లు జడుసుకుంటారు, పారేయమని చంటి నెల కింద చెప్పాడు. నర్సింహకి చేతులు రాక దాచాడు. వాటిని తెడ్డు పడవలోకి విసిరాడు. నీలమ్మ చెప్పకుండానే తాగునీళ్ళ ఖాళీ క్యాన్లు నాలుగు మూతలు బిగించి తెచ్చి పడేసింది. హద్దు కోసం తెచ్చిన నైలాన్ తాడు చుట్ట ఒడ్డునే ఉంది. ఒక కొస రాతిస్తంభానికి కట్టి, చుట్ట పడవలో పెట్టుకున్నాడు.

"నేను తువ్వాల ఎత్తంగనే ఇద్దరు గుంజుండ్రి. మెల్లగ. బాయిలకెల్లి నిండు బిందె గుంజినట్టు. అందరు ఒడ్డెక్కినంక టిఫిన్ సంచి ఎత్తి ఊపు, నీలా."

బసవపున్నయ్య అప్పటికే బంగారు ఉంగరాలు తీసి జేబులో వేసుకుంటున్నాడు.

తెడ్డు నీళ్ళలో పడింది. మోకాలు సూదులతో పొడిచినట్టుంది. నర్సింహ దాని మాట వినలేదు. ఒక తెడ్డు, ఇంకో తెడ్డు. తాడు వెనక పాములా విప్పుకుంటూ వస్తోంది. ఎదురుగా ఎర్ర బోటు ఒక చుట్టు తిరిగి, కేకలు పెట్టించి, చెరువు మూల నల్లగుండు వైపు దూసుకుపోయింది. అది లేపిన అల వచ్చి తెడ్డు పడవని ఎత్తి కుదేసింది. హంసలు రెండూ ఒకదానికొకటి తగిలి ఠప్ మన్నాయి. మధ్యలో కాళ్ళు చాపి నిలబడ్డవాడు తూలి, గాలిలో చేతులు తిప్పి, ఎలాగో నిలదొక్కుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నర్సింహ ఇంకో తెడ్డు బలంగా వేశాడు.

దగ్గరికి వచ్చాక తెడ్డు వేగం తగ్గించాడు. ఇప్పుడు అసలు పని. ఇరవై రెండేళ్ళు అతను సినిమాల్లో బతికింది కెమెరాకి వీపు చూపించి. మొహం కనబడితే షాట్ పనికిరాదు. ఇవాళ వీపుతో పని లేదు, మొహమే కావాలి. భయం కనబడని మొహం. నర్సింహ తువ్వాలతో చెమట తుడుచుకుని, దాంతోపాటే మొహం మీది సంగతంతా తుడిచేశాడు. ఒక్క జాగ్రత్త తీసుకున్నాడు. కూతురు ఏ పడవలో ఉందో చూడలేదు. ఆ పిల్ల కళ్ళలో పడితే ఈ మొహం నిలవదని అతనికి తెలుసు.

"ఏం అంకుల్, మీరు కూడా అంత్యాక్షరికి వచ్చారా?" అన్నాడు నిలబడ్డవాడు. పేరు తిరుమలేశ్. వాళ్ళ టీముకి పెద్ద. మెడలో చిన్న డిజిటల్ కెమెరా వేలాడుతోంది.

"గ్రూప్ ఫోటో దించనీకి వచ్చిన సార్" అన్నాడు నర్సింహ. "మీరు గట్ల నిలబడితే తలకాయ కట్టయితది. అందరు కూసోవాలె. కిందికి, ఇంక కిందికి. హంసల మెడలు పైన కనబడాలె, మీ మొకాలు నడుమ రావాలె. ఫిలింనగర్ల పెద్ద పెద్ద కెమెరామెన్ల తాన నేర్సుకున్న ముచ్చట ఇది."

ఫోటో అనగానే పిల్లలు సర్దుకున్నారు. పడవ మునుగుతుంది కూర్చోండి అంటే వినరు కానీ, తలకాయ కట్టవుతుందంటే వింటారు. తిరుమలేశ్ కూడా కాలు వెనక్కి తీసుకుని ఒక పడవలో కూలబడ్డాడు. శ్రీనిధి అనే పిల్ల జుట్టు సవరించుకుంటోంది. నర్సింహ నవ్వుతూనే చేతులాడించాడు. తాడు కొస హంస ముక్కు కింది కొక్కేనికి వేశాడు. రెండు పడవల్నీ పక్కపక్కన బిగించి, చున్నీ ముడి విప్పి, ఆ ముడి చోట తాడు తిప్పాడు. ఇటు ఒక ట్యూబు, అటు ఒక ట్యూబు పెట్టి, మధ్యలో క్యాన్లు కట్టాడు.

"ఈ నల్ల ట్యూబులేంటంకుల్, ఫోటో పాడవుతుంది" అంది శ్రీనిధి.

"గవి దిష్టికమ్మా. తెల్ల హంసలకు నల్ల సుక్క ఉండాలె. అందరు తలా ఒక చెయ్యి దాని మీదేసి పట్టుకోండ్రి. ఇడువొద్దు."

పిల్లలు నవ్వుకుంటూనే ట్యూబులు పట్టుకున్నారు. నర్సింహ తిరుమలేశ్ మెడలోని కెమెరా అడిగి తీసుకున్నాడు. చూసీ చూడనట్టు కంటికి పెట్టుకుని ఒక బొత్తాం నొక్కాడు. అది పడిందో లేదో దేవుడికెరుక. కెమెరా తిరిగిచ్చి, తువ్వాల తలపైకి ఎత్తాడు. ఒడ్డున ఇద్దరు మనుషులు వంగారు. తాడు నీళ్ళలోంచి చిటపటలాడుతూ లేచి బిగుసుకుంది. హంసలు రెండూ కదిలాయి.

అప్పుడు, ఊపిరి ఒకసారి వదిలి, నర్సింహ తలలు లెక్కపెట్టాడు.

ఏడు.

మళ్ళీ లెక్కపెట్టాడు. అతని లెక్క ఎన్నడూ తప్పలేదు. ఇవాళ తప్పితే బాగుండుననుకున్నాడు. ఏడే.

"మా హిమజ ఏది బిడ్డా?"

శ్రీనిధి ఇంకా ఫోటో నవ్వుతోనే ఉంది. "హిమజ ఇందాకే స్పీడ్ బోట్ ఎక్కేసిందండీ. అతను అలలతో మమ్మల్ని ఊపేస్తుంటే, నేను వెళ్ళి ఆపమంటానంది. మా నాయిన పేరు చెప్తే ఎవరైనా వినాల్సిందే అంది. ఈ బోట్లోంచి ఆ బోట్లోకి ఒక్క దూకు దూకింది అంకుల్, సూపరసలు. మేం పడతావే అంటే, కోటు ఉంది కదా, నాకేం ఫికర్ అంది."

హంసలు ఒడ్డు వైపు సాగిపోతున్నాయి. మీరు రారా అంకుల్ అని ఎవరో అడిగారు. వస్తానన్నట్టు చెయ్యి ఊపి, నర్సింహ పడవని నల్లగుండు వైపు తిప్పాడు. పడవలో ఇప్పుడు ట్యూబు లేదు, క్యాను లేదు. రెండు తెడ్లు, ఒక తువ్వాల, ఒక కుంటి మోకాలు.

నల్లగుండు అంటే చెరువు మూలన ఏనుగు పడుకున్నట్టు నీళ్ళలోకి చొచ్చుకొచ్చిన పెద్ద బండ. దాని వెనక లోతు ఎక్కువ. ఆ వెనక ఏం జరుగుతోందో ఒడ్డు నుంచి కనబడదు. అటు పోవద్దని బోర్డు రాయించింది నర్సింహే. బోర్డు మీద చంటి తన ఫోటో అంటించుకున్నాడు. నర్సింహ పళ్ళు బిగించి తెడ్డేశాడు. కూతురు కోపంగా చంటి ముందు నిలబడి, వేలు చూపించి, మా నాయిన అని చెబుతుండటం కళ్ళకి కట్టింది. చంటి వినడు. వినకపోగా, హీరోలా ఇంకో మలుపు తిప్పి చూపిస్తాడు. నిలబడి ఉన్న పిల్ల.

తెడ్డు వేస్తూనే ఒకసారి వెనక్కి చూశాడు. ఒడ్డున పచ్చటి టిఫిన్ సంచి గాలిలో ఊగుతోంది. నీలమ్మ రెండు చేతులా ఎత్తి ఊపుతోంది. మెట్ల మీద ఏడు నారింజ చుక్కలు. బసవపున్నయ్య తాడు వదలకుండా మోకాళ్ళ మీద కూలబడి ఉన్నాడు. ఏడుగురు నేల మీద ఉన్నారు. నర్సింహ భుజాల మీంచి పెద్ద బండ దిగినట్టయింది. కానీ నీలమ్మ సంచి దించడం లేదు. ఊపుతూనే ఉంది. ఆమె కూడా లెక్కపెట్టుకుంది. ఏడే వచ్చాయని, ఎనిమిదోది ఏదని అడుగుతోంది.

నర్సింహ ముందుకి తిరిగాడు. అప్పుడు తెలిసింది అతనికి, చెరువు ఎంత నిశ్శబ్దంగా ఉందో.

ఇంజను చప్పుడు లేదు.

మధ్యాహ్నం నుంచి చెవులు చిల్లులు పడేలా మోగిన ఆ రొద ఎప్పుడో ఆగిపోయింది. తువ్వాల ఎత్తినప్పుడు ఉందా? శ్రీనిధి మాట్లాడుతున్నప్పుడు ఉందా? గుర్తు లేదు. ఏడు తలల లెక్కలో పడి చెవి మరిచిపోయాడు.

తెడ్డు పడవ నల్లగుండు మలుపు తిరిగింది. ముందు ఎర్ర బోటు కనబడింది. దిక్కులేనిదానిలా తనంతట తాను తిరుగుతోంది. అందులో ఎవరూ లేరు. దానికి అవతల, ఇరవై గజాల దూరంలో, ఎండకి మెరిసే నీళ్ళ మీద నారింజ రంగు మచ్చ ఒకటి. నర్సింహ కళ్ళు చికిలించి చూశాడు. ఒకటే కోటు. దాన్ని పట్టుకుని రెండు తలలు. ఒక తల జడ నీళ్ళలో పరుచుకుని ఉంది. రెండోవాడి చెయ్యి ఆ కోటు మెడ పట్టీని పిడికిట బిగించి ఉంది.

కోటు తేలుతోంది. ఒక భుజం వంగి ఉంది.

నర్సింహ తెడ్లు వదిలేశాడు. చొక్కా చింపుకున్నట్టు విప్పి పడవ అంచు మీద నిలబడ్డాడు. ఈ జన్మలో ఎన్నిసార్లు దూకాడో అతనికే తెలియదు. దూకిన ప్రతిసారీ లెక్క ఒకటి నుంచి మొదలుపెట్టేవాడు. వాళ్ళు నీళ్ళలో ఎప్పుడు పడ్డారో తెలియదు. ఇవాళ ఏ అంకె నుంచి మొదలుపెట్టాలో తెలియకుండానే నర్సింహ దూకాడు.